ముప్పై సెంటీమీటర్ల అబద్ధం

"సుమారు అరవై," అన్నాడు సర్కీస్ వాకీటాకీలో.

"సుమారు అంటే ఎంత?" అని అడిగింది అవతలి నుంచి కొత్త గొంతు.

సర్కీస్‌ని ఇంతవరకు ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఐన్ షకీఫ్ కొండ మీద పై స్టేషన్‌లో ఆరేళ్లుగా, మంచు మీద స్కీ ఆడేవాళ్లని తాడుకి వేలాడే కుర్చీల్లో పైకి చేర్చే లిఫ్టు నడుపుతున్నాడు. పొద్దున్నే ఆరింటికి గది కిటికీలోంచి, బయట మంచులో పాతిన కొలకర్ర వైపు ఓ చూపు విసిరి, తోచిన అంకె కిందికి చెప్పడం అతని అలవాటు. కింద ఆఫీసులో ముసలి గుమస్తా దానికి ఇంకో పది కలిపి బేరూత్ రేడియోకి పంపేవాడు. ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఆయన రిటైరయ్యాక ఆ కుర్చీలోకి రిందలా అనే అమ్మాయి వచ్చింది. వాతావరణ శాస్త్రం చదువుకుందట.

"సుమారు అంటే సుమారే కదండీ."

"బులెటిన్‌లో సుమారు అని రాసే గడి లేదు. ఉండండి, వస్తున్నా."

అన్నంత పనీ చేసింది. మొదటి కుర్చీలోనే పైకొచ్చి, పలకరింపు కూడా లేకుండా నేరుగా కొలకర్ర దగ్గరికెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని దానికి పట్టిన మంచు చేత్తో తుడిచింది.

"యాభై ఏడు. మిగతా మూడూ ఎక్కడ పెట్టారు?"

"జేబులో. ఈపాటికి కరిగిపోయుంటాయి."

ఆమె నవ్వలేదు. పుస్తకంలో అంకె రాసుకుని, మఫ్లర్ ముక్కు దాకా లాక్కుని వెళ్లిపోయింది. ఆ మఫ్లర్ కింద నవ్వుందా లేదా అన్నది సర్కీస్‌ని సాయంత్రం దాకా వేధించింది.

మర్నాడు అంకె సరిగ్గా చెప్పాడు. రిందలా "థాంక్సండీ" అని వాకీటాకీ కట్టేసింది. పైకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు సర్కీస్ నాలుగు సెంటీమీటర్లు తగ్గించి చెప్పాడు. రాత్రికి రాత్రి అంత ఎలా తగ్గిందో చూద్దామని, పావుగంటలో మొదటి కుర్చీలో మఫ్లర్ కనిపించింది.

విషయం అతనికి బోధపడింది.

ఫిబ్రవరి వచ్చేసరికి పదిహేడు సార్లు పొరబడ్డాడు. మరీ రోజూ అయితే బాగుండదని మధ్యమధ్య నిజాలు కూడా చెప్పేవాడు. ఆమె వచ్చిన రోజుల్లో స్టవ్ మీద యాలకుల కాఫీ కాచి ఇచ్చేవాడు. ఐదో కాఫీకి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. మఫ్లర్ కింద నవ్వు ఉంటుందని తొమ్మిదో కాఫీకి రూఢి అయింది.

"నాలుగైదు సెంటీమీటర్ల కోసం ఇంత దూరం రావాలా?" అన్నాడొకసారి, వస్తున్నందుకు లోపల సంబరపడిపోతూనే.

"రావాలి. బేరూత్‌లో ఒకాయన నా అంకె విని పిల్లల్ని కారెక్కిస్తాడు. ఇక్కడికొస్తే రాళ్లు తేలి ఉంటాయి. ఆ పిల్ల కాలు విరిగితే సుమారుగా విరుగుతుందా?"

సర్కీస్‌కి మనసులో ముల్లు గుచ్చుకున్నట్టయింది. కానీ మానలేదు.

"నీకు చూపు ఆనట్లేదనుకుంటా," అంది ఆమె పదిహేడోసారి. "జహ్లేలో మంచి కళ్ల డాక్టరున్నాడు, వెళ్లి చూపించుకో. నిజంగా చెబుతున్నా."

ఆ గొంతులో నిజంగానే బెంగ ఉంది. అక్కడే మన వాడు పప్పులో కాలేశాడు. 'చూపు బాగానే ఉంది, నువ్వు వస్తావని అలా చెప్పా' అనేస్తే సరిపోయేది. అది మానేసి బుద్ధిగా జహ్లే వెళ్లాడు. రెండు కళ్లూ గద్దకున్నట్టున్నాయన్నాడు డాక్టరు. సర్కీస్ పక్క కొట్టులో మామూలు అద్దాలు బిగించిన కళ్లజోడు కొనుక్కుని వచ్చాడు.

"పెళ్లికొడుకులా ఉన్నావురా," అంది వాళ్లమ్మ ఉమ్ సర్కీస్. ఆవిడ కింద లిఫ్టు ఎక్కే చోట గుండ్రటి పెనం పెట్టి, వచ్చేపోయే వాళ్లకి మనూషె రొట్టెలు కాలుస్తుంది. "పిల్ల ఎవరో చెప్పి చావు."

"పిల్లా లేదు, పాడూ లేదు. చూపు తగ్గింది."

"ఆఁ, నాకు కనిపిస్తోందిలే."

కళ్లజోడు పెట్టుకున్నాక ఇక పొరబడడానికి సాకు లేకుండా పోయింది. రెండు వారాలు అన్నీ సరైన అంకెలే చెప్పాడు. రిందలా సంతోషించింది. పైకి రావడం మానేసింది. స్టవ్ మీద కాఫీ ఒక్కడికే కాచుకోవాల్సి వచ్చింది.

అంతలో కొత్త మంచు పడక కొలకర్ర మీద అంకె నలభై రెండుకి పడిపోయింది. యాభై లోపుంటే స్కీలతో దిగే పెద్ద వాలు తెరవరు. అది తెరవకపోతే బేరూత్ బస్సులు రావు. ఊరంతా ఆకాశం వైపు చూస్తూ కూర్చుంది. గురువారం బులెటిన్‌లో రిందలా రాసింది: శుక్రవారం కింద వాన, పైన మంచు, ముప్పై సెంటీమీటర్లు.

రిసార్టు యజమాని ఉస్తాద్ నద్రా అది చదివి ఆమెని పిలిపించాడు.

"టీవీ వాళ్లు పడదంటున్నారు. హోటల్ వాళ్లు నా పీకల మీద కూర్చున్నారు. నువ్వేమో ముప్పై అంటున్నావు. పడకపోతే?"

"పడుతుంది, ఉస్తాద్."

"పడకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదమ్మా."

ఈ సంగతి రిందలా ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే కథ వేరేలా ఉండేది.

శనివారం పొద్దున్న ఊళ్లో వాన కురుస్తోంది. పైన మాత్రం సర్కీస్ తలుపు తోసుకుని బయటికి రావడమే కష్టమైంది. కొలకర్ర చూశాడు. డెబ్బై రెండు. సరిగ్గా ముప్పై పెరిగింది, ఒక్కటి ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఇంత మంచులో ఇంత అందంగా ఉన్న పొద్దున ఆమె ఇక్కడ లేకపోవడం అన్యాయంగా తోచింది అతనికి. తన ముప్పై తన కళ్లతో చూసుకుంటే ఎంత మురిసిపోతుందో! అసలు మంచే పడలేదంటే రాకుండా ఉంటుందా?

"చెప్పు, సర్కీస్," అంది వాకీటాకీలో. గొంతు కాస్త వణికినట్టుంది. చలికేమో అనుకున్నాడు.

"నలభై రెండు."

అవతల పుస్తకంలో పేజీ తిప్పిన చప్పుడైంది.

"కళ్లజోడు పెట్టుకునే చూశావా?"

"ఆఁ."

"సరే. థాంక్స్."

సర్కీస్ రెండు కప్పులు కడిగి కాఫీ పెట్టాడు. మొదటి కుర్చీ ఖాళీగా వచ్చింది. రెండోదీ అంతే. పదో కుర్చీ కూడా ఖాళీగా తిరిగి వెళ్లాక, పక్కనున్న ట్రాన్సిస్టర్‌లో వార్తల అమ్మాయి చదివింది: "ఐన్ షకీఫ్‌లో కొత్త మంచు లేదు. కొలత నలభై రెండు. పెద్ద వాలు మూసి ఉంటుంది."

రిందలా నమ్మేసింది. పైన కూడా వానే పడిందనుకుని, తన జోస్యం తప్పయిందని తన చేత్తోనే రాసి ఊరంతటికీ చెప్పుకుంది.

వాకీటాకీలో ఎంత పిలిచినా ఆఫీసు పలకలేదు. స్కీలు తగిలించుకుని, పెద్ద వాలు మీదుగా పడుతూ లేస్తూ కిందికి దిగాడు. అప్పటికే పెనం దగ్గర జనం పోగయ్యారు. స్కీ మాస్టరొకడు చరియ దాకా ఎక్కి దిగొచ్చి, పైన తొడల్లోతు మంచుందని అరుస్తున్నాడు. ఉస్తాద్ నద్రా మొహం కందగడ్డలా ఉంది.

"బస్సులన్నీ వెనక్కి మళ్లాయి! పడుతుందంటావు, పడలేదంటావు, పడి ఉంటుంది! నీ చదువు ఇందుకేనా?"

రిందలా పుస్తకం గుండెకి అదుముకుని నిలబడింది. అందులో ఎవరు చెప్పిన కొలతో ఆ పేరు రాసే ఉంది. తెరిచి చూపిస్తే చాలు.

"నేను వెళ్లి చూసుకోవాల్సింది. చూసుకోలేదు. తప్పు నాదే, ఉస్తాద్."

సర్కీస్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. ముందుకొచ్చి కళ్లజోడు తీసి ఉస్తాద్ చేతిలో పెట్టాడు.

"పెట్టుకుని చూడండి."

ఉస్తాద్ పెట్టుకున్నాడు. "ఏముంది ఇందులో? అంతా మామూలుగానే కనిపిస్తోంది."

"వట్టి అద్దాలు. నా కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి. పొద్దున డెబ్బై రెండు చూసి నలభై రెండని చెప్పాను. అంతకు ముందు పదిహేడు సార్లు కూడా తెలిసే తప్పు చెప్పాను."

"ఎందుకురా?"

"సరిగ్గా చెబితే ఈమె పైకి రాదు."

పెనం మీద రొట్టె మాడిపోయి పొగ లేచింది.

"ఓరి దద్దమ్మా!" అంది ఉమ్ సర్కీస్ అట్లకాడ ఊపుతూ. "పద్దెనిమిది సార్లు అబద్ధం చెప్పే నోటికి ఒక్క నిజం చెప్పడానికేం రోగం?"

జనం గొల్లుమన్నారు. రిందలా నవ్వలేదు. ఆమె మొహం తెల్లబోయి ఉంది.

"నా ముప్పై తీసేశావు," అంది మెల్లగా. "పడిందో లేదోనని రెండు రోజులు నిద్రపోలేదు నేను. నీ మాట నమ్మి నన్ను నేనే అబద్ధాలకోరుని చేసుకున్నాను."

ఆమె ఆఫీసులోకి వెళ్లి తలుపేసుకుంది. పది నిమిషాల్లో ట్రాన్సిస్టర్ మళ్లీ పలికింది: "సవరణ. ఐన్ షకీఫ్ కొలత డెబ్బై రెండు. కొత్త మంచు ముప్పై. కొలిచిన మనిషి పొరపాటు." మధ్యాహ్నానికి ఒకటీ అరా కార్లు, ఆదివారం నాటికి బస్సులు కొండెక్కాయి. ఉస్తాద్ నద్రా సోమవారం ఊసు మళ్లీ ఎత్తలేదు. కళ్లజోడు మాత్రం తిరిగివ్వలేదు.

సోమవారం ఆరింటికి వాకీటాకీ గరగరలాడింది.

"చెప్పు." గొంతులో కోపమూ లేదు, చనువూ లేదు.

"అరవై తొమ్మిది. చేత్తో తుడిచి చూశాను. రెండుసార్లు."

"నిజమేనా?"

"నిజమే."

"అయితే నేను పైకి రావాల్సిన పనేం లేదు."

సర్కీస్ కొలకర్ర వైపు చూశాడు. ఒక్క సెంటీమీటరు తగ్గిస్తే చాలు. గొంతు దాకా వచ్చింది.

"లేదు," అన్నాడు. "ఏం పని లేదు."

వాకీటాకీ ఆగిపోయింది. అతను లిఫ్టు మీట వేసి, కాఫీ పెట్టుకోబుద్ధి కాక గుమ్మంలో కూర్చున్నాడు. కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీగా వచ్చి తిరిగి వెళుతున్నాయి. ఏడు దాటింది. ఎన్నోదో లెక్క పెట్టని కుర్చీలో మఫ్లర్ కనిపించింది.

లేచి నిలబడ్డాడు. "అరవై తొమ్మిదే, రిందలా! ఒట్టు! వెళ్లి చూసుకో!"

ఆమె కొలకర్ర పక్కనుంచే నడిచి వచ్చింది. దాని వైపు తల కూడా తిప్పలేదు. చేతిలో పుస్తకం లేదు. కాగితంలో చుట్టిన వేడి మనూషెలు రెండున్నాయి.

"చూడక్కర్లేదు. రేడియోకి పంపేసే వచ్చాను," అని మఫ్లర్ కిందికి లాక్కుంది. "కాఫీ ఏదీ?"