రాంప్రసాద్ సారు చార్జరుకు పట్టిన దెయ్యం

కాశిబుగ్గలో రాంప్రసాద్ సారు ఇంటి వెనక మూలకు చీకటి పడ్డాక ఎవరూ పోయేవాళ్లు కాదట. అక్కడ గోడకు ఒక ఎర్ర కన్ను ఉందట... మూసి తెరుస్తుందట.

నేను చూడలేదు. ఆ రాత్రి అక్కడున్న ఎలక్ట్రీషియన్ ఖాజా మొహినుద్దీన్ చెప్తే విన్నాను.

ఆ కన్ను ఎలక్ట్రిక్ కారు చార్జర్‌ది. సారు కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. కొత్తగా కారు కొన్నాడు. వారం రోజులుగా ప్లగ్గు పెట్టగానే — టక్. ఎర్ర లైటు. ఒక్క శాతం కూడా ఎక్కదు.

కంపెనీవాళ్లు ఫోన్లో ఆపి మళ్లీ ఆన్ చేయమన్నారు. చేశాడు. తర్వాత చార్జర్‌కు నిమ్మకాయ కట్టాడు. దానికీ లొంగలేదు.

అప్పుడు పక్కింటి రాజేశ్వర్ రావు గోడ అవతలి నుంచి గుసగుసలాడాడు. "మొగిలమ్మను పని మాన్పిస్తివి... ఆమె పోయినంకనే గదా ఇదంత?"

నిజమే. మొగిలమ్మ ఆ మూలలోనే గిన్నెలు తోమేది. కొత్త కారు మీద నీళ్లు చిందుతున్నాయని సారు ఆమెను పంపించేశాడు. పది రోజులకు ఎర్ర లైటు వచ్చింది. ఇంకేం... మంత్రం వేసిందన్నారు.

ఒక్క పూటలో మాట వాడంతా తిరిగింది. ఆమె పనిచేసే మిగతా మూడిళ్లవాళ్లూ రావద్దన్నారు. తెల్లారితే నలుగురిలో నిలబెట్టి అడుగుతారట. అట్లాంటి పేరు పడ్డ ఆడమనిషిని మనవాళ్లు ఎట్లా అడుగుతారో నేను చెప్పక్కర్లేదు. వింటుంటేనే నాకు ఒళ్లు మండింది.

ఆ రాత్రే ఖాజా టెస్టర్ పట్టుకుని వచ్చాడు. సారు గడప దాటలేదు.

"జర పైలం, ఖాజాభాయ్... దగ్గరికి పోకు."

"దగ్గరికి పోకుంటే రిపేరెట్ల జేయాలె సార్?"

ప్లగ్గు పెట్టాడు — టక్. ఎర్ర కన్ను తెరుచుకుంది. ఖాజా వంగి, గోడ కింద ఉన్న సిమెంటు మూత మెల్లగా లేపాడు... సారు కళ్లు మూసుకున్నాడు.

"రెండు బకెట్ల నీళ్లు, ఇంత ఉప్పు తెండి సార్."

"ఉప్పా? అంటే... మంత్రమేనన్నట్టు!"

సారు తెచ్చి గడప మీదే పెట్టాడు. ఖాజా ఉప్పు కలిపి ఆ నీళ్లు మూత కింది గుంటలో పోశాడు. ఎండిన మట్టి గటగటా తాగింది. కాసేపాగి మళ్లీ ప్లగ్గు పెట్టాడు...

పచ్చ లైటు!

"బాగ వదిలించినవ్ భాయ్!" అన్నాడు సారు.

"వదిలించుడేంది సార్? ఎర్తింగ్ గుంట ఎండిపోయింది. ఎర్త్ సక్కగ లేకుంటె చార్జర్ పనిజెయ్యది. ఇన్ని దినాలు మొగిలమ్మ గిన్నెల నీళ్లతోనే గుంట తడిగుంటుండె." ఖాజా టెస్టర్ జేబులో పెట్టుకున్నాడట. "మీరు కాలేజీల ఏం చెప్తరంటిరి సార్?"

తెల్లారింది. జనం పోగయ్యారు. మొగిలమ్మను మధ్యలో నిలబెట్టారు. సారు పెద్దమనిషిలా ముందుకొచ్చాడు.

"పోనియ్యిన్రి. ఈసారికి మాఫ్ చేసిన."

ఖాజా ఇక ఆగలేకపోయాడు. గుంట సంగతి, నీళ్ల సంగతి అందరి ముందూ చెప్పేశాడు. రాజేశ్వర్ రావు తల వంచుకున్నాడు. సారు కారు వైపు చూశాడు.

మొగిలమ్మ కొంగు సర్దుకుంది. అరవలేదు, ఏడవలేదు.

"మాఫ్ ఎవలు ఎవలికి చెయ్యాలె సారూ?" అందట.