చీమ పట్టని నేరేడు పాకం

2012 జూన్ 19, మంగళవారం. ఉదయం 9:40.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు దగ్గర ఓ హోటల్. స్టోర్ రూమ్ నేల మీద గాజు పెంకులు. చుట్టూ ఊదారంగు మడుగు.

శవం లేదు. రక్తం లేదు. పగిలింది నేరేడు సిరప్ జాడీ!

ఎస్సై స్వరాజ్యానికి ఒళ్ళు మండిపోయింది. స్టేషన్లో ప్లాట్ల కబ్జా ఫైళ్ళు కుప్పగా పడి ఉన్నాయి. సీఐ మాత్రం పొద్దున్నే ఫోన్ చేసి, "మీరే వెళ్ళండి మేడం, వంటింటి కేసు కదా" అన్నాడు. వంటింటి కేసట! ఆడ ఎస్సై అంటే ఆయనకంత అలుసు.

స్టేట్‌మెంట్లు రాసుకోవడానికి స్టాఫ్ రూమ్‌లో లాకర్ల పక్కన కుర్చీ వేశారు. కూర్చున్న రెండు నిమిషాలకే కాలు చురుక్కుమంది. చీమ! వెంటనే ఇంకోటి. విసుగ్గా దులుపుకుని కుర్చీ ఇవతలికి లాక్కుంది.

"ఏంది సార్, హోటల్ నిండ చీమలేనా?"

మేనేజర్ జగన్మోహనరావు నొచ్చుకున్నాడు.

"మందు కొట్టిస్తామండీ. సాయంత్రం కొత్త కాక్‌టెయిల్ లాంచ్. వందమంది గెస్టులు. ఆ సిరప్ లేకపోతే పరువు పోతుంది. ఇది శివమ్మ పనేనండీ. నిన్న సెలవు ఇవ్వలేదని కక్ష కట్టింది. ఈరోజే తీసేస్తున్నాను."

శివమ్మ ఆ హోటల్ వంటింట్లో పనిచేస్తుంది. ఊరి నుంచి పళ్ళు తెచ్చి ఆ సిరప్ కాచింది ఆమే. గుమ్మం దగ్గర నిలబడి ఏడుస్తోంది.

"జాడీ ఎన్నింటికి పెట్టినవ్?"

"నిన్న అయిదింటికి మేడం. చల్లారినంక మూత బిగించి నీళ్ళ పళ్ళెంల పెట్టిన."

"నీళ్ళెందుకు?"

"చీమలు పట్టకుండ. పాకం గింత చుక్క పడ్డా దండు దిగుతది."

"నువ్వే పగలగొట్టినవంటున్నరు?"

"రెండు దినాలు పండ్లు పిసికి, గింజలు తీసి, రసం వడగట్టి కాసిన మేడం. జూడు, చేతుల రంగు ఇంక పోలే. నా కష్టం నేనే నేలపాలు చేసుకుంటనా? నౌకరి పోతే ఇంకోటి చూసుకుంట. గీ చెడ్డపేరు మోసుకోని ఊర్లకు ఎట్ల పోవాలె?"

స్టోర్ తాళం చెవులు ఇద్దరి దగ్గరే ఉంటాయి. ఒకరు శివమ్మ. రెండో మనిషి బార్‌టెండర్ లలిత్. ఆమె అతని వైపు తిరిగింది.

"ఎప్పుడు చూసినవ్?"

"పొద్దున 8:10కి మేడం. తలుపు తీసేసరికే ఇలా ఉంది."

"ఎప్పుడు పగిలి ఉంటది?"

"నిన్న సాయంత్రమేనండీ. ఆరింటికి శివమ్మ తాళం వేసి వెళ్ళింది. తర్వాత ఎవరూ తీయలేదు."

11:05. ఏమీ తేలలేదు. ఛీ, వెధవ కేసు! స్వరాజ్యం మళ్ళీ స్టోర్ రూమ్‌కి వెళ్ళి మడుగులో అడుగు వేసింది. బూటు సులువుగా పైకి లేచింది. ఆమె ఆగిపోయింది.

వంగి వేలు ముంచింది. రెండు వేళ్ళూ రుద్దింది. జిగట లేదు.

నేలంతా వెతికింది. ఒక్క చీమ కూడా లేదు!

11:20కి అందరినీ స్టాఫ్ రూమ్‌కి పిలిచింది.

"లలిత్ లెక్కన పాకం నిన్న సాయంత్రం నుంచి నేల మీదున్నది. ఒక్క చీమ రాలే. ఈడ పాకమే లేదు, నన్ను కుట్టి చంపినయ్. ఎందుకు?"

ఆమె కుర్చీ జరిపింది. గోడ వెంట సన్నటి బారు. నేల మీదుగా పోయి మూడో లాకర్ సందులోకి దూరుతోంది.

"ఎవరిది?"

లలిత్ చెయ్యి జేబులోని తాళం చెవి మీదికి పోయింది.

"తియ్."

లోపల రెండు వాటర్ బాటిళ్ళు. నిండా ఊదారంగు పాకం. మూతల చుట్టూ నల్లగా చీమలు.

"నేల మీద పోసిందేంది?"

"కేకులకు వాడే రంగు మేడం... నీళ్ళలో కలిపాను. వచ్చే నెల సిటీలో ఇంకో బార్‌లో చేరుతున్నా. ఈ సిరప్ నా తయారీ అని చెప్పుకున్నా. శాంపిల్ అడిగారు."

"నీకు పోసుడే తెల్సు. ఒక్కసారి కాసి ఉంటే బాటిల్ మూత తుడిచి పెడ్తుంటివి."

అతన్ని అంత మాట అంది గానీ స్వరాజ్యానికి తన మీదే కోపం వచ్చింది. వచ్చిన రెండు నిమిషాలకే సాక్షి కాలు పట్టుకుని చెప్పింది. తనే దులిపేసుకుంది.

కానిస్టేబుల్ లలిత్‌ని జీపు ఎక్కించాడు. జగన్మోహనరావు గొంతు సవరించుకున్నాడు.

"శివమ్మా, ఆ బాటిళ్ళు కేసులోకి పోయాయి. ఫ్రిజ్‌లో మిగిలిన రసంతో ఇంకో బ్యాచ్ కాయమ్మా. సాయంత్రానికి కావాలి."

శివమ్మ కదల్లేదు.

"పొద్దుగాల వంటింట్ల అందరి ముందట నా పేరు జెప్పినవ్ సారూ. ఇగ గా అందరి ముందటనే నాది తప్పు లేదని జెప్పు. అప్పుడు పొయ్యి ముట్టిస్త."

మేనేజర్ దిక్కు తోచక ఎస్సై వైపు చూశాడు.

స్వరాజ్యం కుర్చీ లాక్కుని మళ్ళీ కూర్చుంది.

"పిలువుండ్రి సార్ అందరినీ. నేను కూడ వింట."