గేట్ పాస్ లేని వ్యాసం

తిట్టబోయే ముందు మనిషిని ఒకసారి సరిగ్గా చూడటం నవనీతకు అలవాటు. హైటెక్ సిటీలోని ఆ టవర్ సర్వీస్ గేటు దగ్గర సెక్యూరిటీ రాజేందర్‌ను ఆమె మొదటిసారి అలాగే చూసింది.

“ఏందన్నా, చెత్తబుట్టల పేపర్లకు గూడ గేట్ పాస్ కావాల్నా?”

‘అన్నా’ అనగానే అతని మొహం వాడిపోయింది. “ప్రింటయిన కాగితం బయటికి పోవద్దు. రూల్.”

“వెనకకు తిప్పి చూడు. నేను రాసుకున్నది.”

తిప్పాడు. ఒకవైపు ఎవరికీ అక్కర్లేని గ్రాఫు. రెండోవైపు గుండ్రటి ఇంగ్లిషు అక్షరాల్లో వ్యాసం.

తొమ్మిదో అంతస్తు తుడిచే నవనీత చదువంటే ఆ కంపెనీకి మహా ప్రేమ. అందుకే శనివారాలు, తుడవడం అయిపోయాక, గంటసేపు ఇంగ్లిషు నేర్పిస్తుంది. ఇప్పుడు హెల్ప్ డెస్క్‌లో ఒక ఉద్యోగం ఖాళీ అయింది. ‘ఉన్నత విద్య, కెరీర్’ మీద మంచి ఆర్టికల్ రాసినవాళ్ళదే ఆ కుర్చీ. ఇంటికెళ్ళి తెల్ల కాగితాల మీద ఎక్కించి, రేపు పొద్దున్న ఎనిమిదికి ఇవ్వాలి.

“పేపర్లన్నీ మిషన్ల వేసి ముక్కలు చెయ్యాలె. నా చేతుల లేదు,” అన్నాడు రాజేందర్.

“నా నౌకరి గూడ అండ్లనే వెయ్యి.”

బయట వాన. అతను గొడుగు చాపాడు.

“దీనికి గేట్ పాస్ ఉన్నదా?” అని, కాగితాలు అతని చేతిలోనే వదిలేసి తడుస్తూ వెళ్ళిపోయింది.

పొద్దున్న ఏడున్నరకు ఆమె గేటు దగ్గరికి వచ్చేసరికి అతను నాలుగు తెల్ల కాగితాలు చేతిలో పెట్టాడు. ముక్కలు చేసే ముందు వ్యాసమంతా తన చేత్తో ఎక్కించాడు. రిజిస్టర్ రాసే చెయ్యి కదా, ప్రతి వాక్యానికీ వరుస నంబరు వేశాడు.

నవనీత కళ్ళు మెరిశాయి. ఆ మెరుపు రెండో పేజీ దాకే.

“నా ఇడియమ్స్ ఏవి? పదకొండు ఉండాలె.”

“తీసేసిన. అర్ధరాత్రి నూనె కాల్చిన అని రాసినవ్. మీ ఇంట్ల కరెంటు లేదా?”

“గది ఇడియం అన్నా. గైడ్ల ఉన్నది.”

“ఈ నౌకరికి గైడ్ రాసినాయన అప్లై చేస్తుండా?” ఒక వాక్యం మీద వేలు పెట్టి, మెల్లగా అన్నాడు. “అమ్మ దవాఖానల పడ్డదని చదువు ఆపిన్రు, ఒక్క నెలే అన్నరు, ఏడేండ్లయిందని రాసినవ్ జూడు. అండ్ల ఒక్క అక్షరం ముట్టలే.”

ఆమె ఆ వాక్యం మళ్ళీ చదివి, కాగితాలు సర్దుకుంది.

“ఇది పోయిందనుకో, రోజూ నీ గేటు ముందటనే కూసుంట.”

“ఫికర్ లేదు, కుర్చేస్త.”

తిరిగి రాసే టైము లేదు. అదే ఇచ్చింది.

పేరాకు రెండు ఇడియమ్స్ తప్పనిసరి అని నెలరోజులు నేర్పిన రోహిణి మేడం, శనివారం క్లాసులో ఆ వ్యాసం పైకెత్తి చూపించింది. మిగతా పందొమ్మిదీ ‘స్కై ఈజ్ ది లిమిట్’ అనే మొదలయ్యాయి.

“ఎంత సహజంగా ఉందండీ. నేను చెప్పింది పట్టుకున్నది నవనీత ఒక్కతే. పైగా నంబర్లు వేసి రాసింది, ఎంత ప్రొఫెషనల్‌గా.”

నవనీత వినయంగా తలొంచుకుంది. నవ్వాపుకోవడానికి అదే దారి.

సోమవారం మెయిన్ డోర్ తెరుచుకుని, వీక్లీ ఆఫ్‌లో ఉన్న రాజేందర్ ఇస్త్రీ చొక్కాతో హెల్ప్ డెస్క్ ముందు నిలబడ్డాడు. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చున్న నవనీత విజిటర్ రిజిస్టర్ అతని ముందుకు జరిపింది. ఎవరిని కలవాలి అన్నచోట ఆమె పేరు రాశాడు. పని ఏమిటి అన్నచోట పెన్ను ఆగింది.

“ఓపెన్ స్కూల్‌ల ఇంటర్ కడుతున్న. రెండు ఫారాలు తెచ్చిన, ఒకటి నీకు. ఏడేండ్లు చాలు గద.” ఫారాలు రెండూ బల్ల మీద పెట్టాడు. “ఇగ, మా అమ్మ ఆదివారం మీ ఇంటికొస్తనంటున్నది.”

“ఫారాలు నింపనీకెనా?”

“కాదు.”

ఆమె ఒక ఫారం తీసుకుని డ్రాయర్‌లో పెట్టింది. అతను తిరిగి వెళ్ళబోయాడు.

“ఆగు రాజేందర్. ఆదివారం మా నాయన పదింటికి ఇంట్లనే ఉంటడు.”

గేటు దగ్గర చీమను కూడా వదలడని పేరున్నవాడికి, ఆ మాటలో ‘అన్నా’ లేదని తట్టేసరికి లిఫ్టు రెండుసార్లు వచ్చిపోయింది.