జంటెలుక

నాంచారి తొట్టిలో మోచేయి ముంచి చూసింది. నీళ్లు చంటిపిల్ల స్నానానికి కాచినంత వెచ్చగా ఉండాలని నిబంధనల్లో ఎక్కడా లేదు. అది ఆమె చాదస్తం. వరసలో మిగతా తొట్లలో ఎలుకల్ని అప్పుడే వదిలింది. ఆఖరున భ్రమర పేరిట ఉన్న ఎలుకను గూట్లోంచి తీసి నీళ్లలోకి జారవిడిచింది.

బందరు సముద్రపు గోడ వెనక కాపురముండే ప్రతి మనిషికీ ఇక్కడ ఒక జంటెలుక ఉంది. మనిషి రక్తం నుంచి పెంచిన కణాలు దాని మెదడులో ఉంటాయి. అది నీళ్లలో కాళ్లాడిస్తున్నంతసేపూ ఆ మనిషి కులాసాగా ఉన్నట్టు. కదలకుండా తేలిపోతే కుంగినట్టు. అప్పుడు ఆ మనిషి చేతిపట్టీలోంచి దిగులును అణిచే సెరోటొనిన్ ధార ఒక మెట్టు పెరుగుతుంది. తుఫానులకు సగం ఊరు పోయాక, మిగిలిన సగం దిగులుతో పోకూడదని పెద్దలు చేసిన ఏర్పాటు ఇది. మంచి ఉద్దేశమే. ఉద్దేశాలకేం, ఎప్పుడూ మంచివే ఉంటాయి.

భ్రమర నాంచారి చెల్లెలు. ఆమె భర్త గోడకు పడ్డ గండి పూడుస్తూ కొట్టుకుపోయాడు. మొన్న మాసికం నాడు భ్రమర అందరికీ నవ్వుతూ వడ్డించి, చేయి కడుక్కుంటూ అడిగింది.

"అక్కా, ఆయన గుర్తొస్తన్నాడే. ఏడుపే రావట్లా. నాకేమన్నా అయిందంటావా?"

భ్రమర ధార అప్పటికే చాలా మెట్లు ఎక్కింది. ఇంకొక్క మెట్టు పెరిగితే భ్రమరను, దిగులు మందుకు లొంగనివాళ్లను ఉంచే నిలకడ గృహానికి పంపిస్తారు. ఆమె చంకలో పిల్లాణ్ణి అక్కడికి రానివ్వరు.

ఎలుక కాసేపు ఈది ఆగింది. ముక్కు పైకి పెట్టి తేలింది. గోడమీది యంత్రం అది తేలిన క్షణాల లెక్క మొదలుపెట్టింది.

"ఈదవే తల్లీ, ఈదు," అంది నాంచారి. తొట్టి అంచు మీదికి వంగింది.

పర్యవేక్షకుడు ఇమాన్యుయేలు గారు లోపలికి వచ్చారు. ఆయన చేతికీ పట్టీ ఉంది. ఆయన నవ్వు ఎప్పుడూ ఒకే కొలతలో ఉంటుంది.

"ఏంటమ్మా, మీ గదిలోయే ఇట్టా తేల్తన్నాయి? పక్క గదుల్లో ఇనపచెయ్యి తీసి గూట్లో పడేస్తది. అయ్యి చివరిదాకా కొట్టుకుంటానే ఉంటయ్."

"ఇక్కడ నేనే తీస్తా గదండీ. తుడిచి, ఒళ్లో పెట్టుకుని ఆరబెడతా."

అంటూనే తువ్వాలు కోసం అలమర దగ్గరికి వెళ్లింది. వెనక నీళ్లు చిమ్మిన చప్పుడైంది. భ్రమర ఎలుక తొట్టి గోడను గీకుతూ పిచ్చిగా ఈదుతోంది. ఆమె తువ్వాలుతో తిరిగి రాగానే ఆగి, ఆమె చేతులకేసి చూస్తూ తేలింది.

నాంచారికి అప్పుడు అర్థమైంది. ఇది కుంగలేదు. తీస్తుందని తెలిసి ఎదురుచూస్తోంది. ఆ నమ్మకాన్ని యంత్రం నిరాశ కింద జమకట్టింది. తన తువ్వాలే చెల్లెలి కన్నీళ్లను, అవి రాకముందే తుడిచేసింది.

ఆ మాటే ఆయనకు చెప్పింది.

"అయితే దూరంగా నిలబడమ్మా. ఈదుద్ది. మెట్టు పెరగదు."

ఆమె వెనక్కి జరిగింది. ఎలుక కీచుమంటూ కొట్టుకుంది. మెట్టు పెరగదు, నిజమే. ఉన్న మెట్టు మాత్రం అలాగే ఉంటుంది. భ్రమర కూడా అలాగే నవ్వుతూ ఉంటుంది.

నాంచారి ముందుకొచ్చి, లెక్క నడుస్తుండగానే ఎలుకను ఎత్తేసింది.

"పరీక్ష అసంపూర్ణం," అంది యంత్రం. "అంకె లేదు. ధార నిలిపివేత."

"ఎంత పని చేశావమ్మా! ఒక్కసారే ఆపితే ఆ పిల్ల ఏమైపోద్ది?"

"ఏడుస్తదండీ. నేను పక్కనుంటా."

అంది గానీ, ఆ ఏడుపు ఎక్కడిదాకా పోతుందో ఆమె ఊహకందలేదు. అయినా చేయి ఆగలేదు. పక్క తొట్టిలోదీ ఆమె చేతులకేసి చూస్తూనే తేలుతోంది; దాన్నీ ఎత్తింది. ఆ పక్కదీ ఎత్తింది. యంత్రం అదే మాట మళ్లీ మళ్లీ చెబుతోంది.

"వీళ్లందరి పక్కనా ఎవరుంటారమ్మా?"

"తెలీదండీ," అంది నాంచారి భయంగా.

ఇమాన్యుయేలు గారి వేలు గోడమీది హెచ్చరిక మీట దాకా వెళ్లి ఆగింది.

"మా ఆవిణ్ణి మట్టి చేసొచ్చిన రోజు," అన్నారాయన, అదే నవ్వుతో, "ఇంటికొచ్చి పెరుగన్నం తిని పడుకున్నా. హాయిగా నిద్ర పట్టింది."

నాంచారి ఆయన వైపు తిరిగింది. ఆయన మీట వదిలి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్నారు.

"నాది ఏ తొట్టమ్మా?"

ఆమె చూపించి, అలమరలోంచి పొడి తువ్వాలు తీసి ఆయన చేతికిచ్చింది.