లేపలేదు, అడిగానంతే

వసపిట్ట చప్పుడు కాకుండా తలుపు తెరిచి, సందులోంచి తల లోపలికి పెట్టింది.

"అమ్మా, పడుకున్నావా?"

మంచం మీద దుప్పటి కదిలింది. "ఊ" అంది అమ్మ.

పడుకున్న మనిషిని పడుకున్నావా అని అడగడమేమిటని మీకు నవ్వు రావచ్చు. వసపిట్టకు మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. రోజూ అలాగే అడుగుతుంది మరి.

వసపిట్ట ఇంట్లో పిలిచే పేరు. నోరు తెరిస్తే మూయదని నాన్న పెట్టాడు. స్కూల్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. తెలియకుండా తనే జాగ్రత్త పడింది.

అమ్మ ఆస్పత్రిలో, పిల్లల వార్డులో నర్సు. ఈ వారం నైట్ డ్యూటీ. అందరూ పనులకు బయల్దేరే వేళకు ఇంటికొచ్చి, ఇంత తిని పడుకుంటుంది. వసపిట్ట మధ్యాహ్నం స్కూలు నుంచి వచ్చేసరికి పడగ్గది కిటికీకి పాత దుప్పటి ఒకటి అడ్డంగా కట్టి ఉంటుంది. ఇంట్లో ఎవరూ లేనట్టే ఉంటుంది. ఆ నిశ్శబ్దం వసపిట్టకు అస్సలు పడదు.

నాన్న దర్జీ. వీధి చివరి షాపుకు వెళ్ళేముందు రోజూ ఒకే మాట చెబుతాడు, అమ్మను లేపొద్దని. వసపిట్ట ఆ మాట ఏనాడూ దాటలేదు. అమ్మను తట్టలేదు, దుప్పటి లాగలేదు. గుమ్మంలో నిలబడి అడుగుతుంది, అంతే. జిగురు సీసా ఎక్కడుందని, పక్కింటి పాప వచ్చింది ఆడుకోనా అని, ఫ్యాను ఎందుకు కిర్రుమంటోందని. అమ్మ కళ్ళు తెరవకుండానే "ఊ" అంటుంది. కళ్ళు తెరవలేదంటే నిద్ర చెడనట్టే కదా అని వసపిట్ట లెక్క.

పైగా ఆ "ఊ"లో ఇంకో సుఖం ఉంది. మెలకువగా ఉన్న అమ్మ "ఇప్పుడొద్దు" అనే వాటన్నిటికీ పడుకున్న అమ్మ "ఊ" అంటుంది. హాల్లో రంగులు పరుచుకోనా అంటే ఊ. ఇంకో రెండు బిస్కెట్లు తీసుకోనా అంటే ఊ. ఇంత మంచి అమ్మ ఇంకెవరికి దొరుకుతుంది?

ఇవాళ అడగాల్సింది మాత్రం పెద్దది. రేపు ఎవరింటి నుంచైనా పెద్దవాళ్ళు క్లాసుకు వచ్చి తమ పని గురించి చెబితే బాగుంటుందని టీచర్ అన్నారు. అందరూ తలలు దించుకుని బల్లలు చూసుకుంటుంటే, మా అమ్మ వస్తుందని వసపిట్ట గొప్పగా చెయ్యెత్తింది.

"అమ్మా, రేపు పొద్దున డ్యూటీ నుంచి వస్తూ మా క్లాసుకు వస్తావా? నీ పని గురించి చెప్పాలి."

అమ్మ అటు తిరిగి పడుకుంది. "ఊ."

సాయంత్రం అమ్మ లేచింది. లేచిందన్న మాటే గానీ ఒంట్లో సత్తువ లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. స్టవ్ మీద గిన్నె పెట్టి, పాలు పోయడం మరిచిపోయి, దాన్నే చూస్తూ నిలబడింది. మాడు వాసనకు నాన్న పరుగెత్తుకొచ్చి స్టవ్ ఆపాడు. అమ్మ స్నానానికి వెళ్ళాక వసపిట్టను పక్కకు పిలిచి, మధ్యాహ్నం అమ్మను లేపావా అని అడిగాడు.

"లేపలేదు నాన్నా. అడిగానంతే."

నాన్న ఏదో అనబోయాడు. పొద్దుటి నుంచి మిషను తొక్కి తొక్కి అతనికీ కాళ్ళు లాగేస్తున్నాయి. మాడిన గిన్నె తోమడంలో పడ్డాడు. క్లాసు సంగతి వసపిట్ట అమ్మకు మళ్ళీ గుర్తు చేయలేదు. ఒకసారి ఊ అన్నాక ఇంకేముంది?

మర్నాడు పొద్దున స్కూలు గేటు దగ్గర టీచర్ పక్కనే నిలబడింది వసపిట్ట. అమ్మ రోజూ ఆ దారినే ఇంటికి వెళుతుంది. కాసేపటికి వచ్చింది, కాళ్ళీడ్చుకుంటూ, సంచీ జారిపోతున్నా పట్టించుకోకుండా.

"రండమ్మా, పిల్లలు మీకోసమే చూస్తున్నారు" అన్నారు టీచర్.

అమ్మకు ఏమీ అర్థం కాలేదు. వసపిట్ట వైపు చూసింది.

"నిన్న అడిగాను కదా" అంది వసపిట్ట చిన్న గొంతుతో. "నువ్వు ఊ అన్నావు."

అమ్మ సంచీ భుజం మీదకు లాక్కుని లోపలికి నడిచింది. ఒక్క మాటైనా అని ఉంటే బాగుండేదనిపించింది వసపిట్టకు.

క్లాసులో అమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడి మాట్లాడింది. వార్డులో పిల్లలు ఎలా ఉంటారో, సూదంటే భయపడేవాళ్ళను ఎలా నవ్విస్తారో చెప్పింది. మధ్యలో ఒక మాట మరిచిపోయి వెతుక్కుంది. ముందు బెంచీలో ఒక పాప లేచి, రాత్రంతా నిద్ర రాదా ఆంటీ అని అడిగింది.

"పగలు బాగా పడుకుంటే రాదు" అంది అమ్మ. "ఈ వారం సరిగ్గా పడుకోలేదు. రాత్రి ఒక చంటిబాబుకు సిరంజిలో మందు తీస్తుంటే, దాని మీది గీతలు ఒకటి రెండుగా కనిపించాయి. ఎక్కువైనా తక్కువైనా బాబుకే ప్రమాదం. నా కళ్ళను నేను నమ్మలేకపోయాను. పక్క వార్డు అక్కను పిలిచి ఆవిడతో తీయించాను."

వసపిట్ట తల దించుకుంది.

"మరి ఎందుకు పడుకోలేదు?" ఆ పాప వదిలితేగా.

ఇప్పుడు నా పేరు చెప్పేస్తుంది, అనుకుంది వసపిట్ట. బల్ల కింద దూరిపోదామా అనిపించింది.

"మా ఇంట్లో ఒక పిట్ట ఉంది" అంది అమ్మ. "నాకు కన్ను మూతపడగానే వచ్చి కూస్తుంది."

అందరూ పకపకా నవ్వారు. తరిమేయండి ఆంటీ, అని వెనక బెంచీవాడు సలహా ఇచ్చాడు.

"మా పిట్టే కదా, తరమబుద్ధి కాదు" అంది అమ్మ. వసపిట్ట వైపు చూడనైనా చూడలేదు.

వసపిట్టకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది. అమ్మ తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. బల్ల మీద వేలితో గీతలు గీస్తూ, ఆ చంటిబాబు గురించే ఆలోచించింది.

మాటలయ్యాక అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, టీచర్ బోర్డు మీద ఏదో రాస్తున్నారు. ఇటు తిరిగి చూసేసరికి అమ్మ కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోతోంది. తల ఒక పక్కకు వాలిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. టీచర్ పెదవుల మీద వేలు పెట్టి, అందరినీ బొమ్మలు గీసుకోమని సైగ చేశారు. గంట కొట్టేదాకా ఆ క్లాసులో పెన్సిళ్ళ చప్పుడే వినిపించింది.

ఆ మధ్యాహ్నం వసపిట్ట ఇంటికొచ్చి బిస్కెట్ కొరికిందో లేదో, ఎన్నాళ్ళ నుంచో ఊగుతున్న పన్ను ఊడి చేతిలో పడింది. సంతోషం పట్టలేక ఒక్క గెంతులో పడగ్గది తలుపు దగ్గరికి వెళ్ళింది. గడియ మీద చెయ్యి కూడా వేసింది. "అమ్మా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

లోపల అమ్మ ఊపిరి నెమ్మదిగా వినిపిస్తోంది. వసపిట్ట ఆ మాటను మింగేసింది. పన్నును గుప్పిట్లో పెట్టుకుని, తలుపుకు అడ్డంగా చాప పరుచుకుని కూర్చుంది. మాట్లాడకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడు తెలిసింది. చెప్పాల్సిన కబుర్లు కడుపులో గుడగుడమంటున్నాయి. కూర్చుని కూర్చుని ఆమెకే ఆవలింతలు మొదలయ్యాయి.

పొద్దు వాలుతుండగా నాన్న హడావిడిగా వచ్చాడు. షాపులో ఉండాల్సిన పెద్ద కత్తెర కనిపించడం లేదట. అమ్మ ఎక్కడైనా పెట్టిందేమోనని నేరుగా పడగ్గది వైపు నడిచాడు. వసపిట్ట లేచి రెండు చేతులూ చాపి తలుపుకు అడ్డం నిలబడింది.

"లేపనులే. అడుగుతానంతే" అన్నాడు నాన్న.

"అడిగితే లేపినట్టే నాన్నా" అంది వసపిట్ట గుసగుసగా.

నాన్న ఆమె నోటి వంకే చూశాడు. పన్ను ఉండాల్సిన చోట సందు కనిపించింది. అమ్మకు చూపించావా అని అతనూ గుసగుసగానే అడిగాడు. వసపిట్ట తల అడ్డంగా ఊపింది. నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళి, కత్తెర పక్క షాపులో అరువు తెచ్చుకున్నాడు.

దీపాలు వేసే వేళకు తలుపు దానంతటదే తెరుచుకుంది. అమ్మ ఒళ్ళు విరుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. కళ్ళలో ఎరుపు లేదు.

"ఇల్లింత చప్పుడు లేకుండా ఉందేమిటి? మా పిట్ట ఎటెళ్ళింది?"

చాప మీది నుంచి వసపిట్ట గుప్పిట విప్పి చూపించింది. చెమటకు తడిసిన చిన్న పన్ను.

అమ్మ కిందికి వంగి, దాన్ని వేలితో తాకి చూసింది. "ఎప్పుడు ఊడిందే? నాతో చెప్పకుండా ఎలా ఉండగలిగావు?"

"నువ్వు పడుకున్నావు కదమ్మా" అంది వసపిట్ట.