వినకుండా అన్న ‘సరే’

ఆ ఆదివారం పొద్దున సముద్రం మధ్య దీవిలో ఉన్న బతు బస్తీలోని ఇంట్లో రాజకుమారి ఒక చేత్తో పూరీలు తిప్పుతూ, రెండో చేత్తో ఫోన్ చూస్తోంది. చర్చిలో స్త్రీల ప్రార్థన గ్రూపు నడిపేది ఆమే. ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరింట్లో గొడవైనా ముందు ఆ గ్రూపుకే కబురొస్తుంది. రాజకుమారి వెంటనే జవాబిస్తుంది. దేవుడి పనే కదా అని ఆమె నమ్మకం. ఈరోజు కూతురు దీపిక బాప్తిస్మం తీసుకుంటోందని నిన్ననే అందరికీ చెప్పేసింది.

“దీపికా, తెల్ల డ్రెస్ ఇస్త్రీ చేసి పెట్టాను. జల్దీ తయారవ్వు, ఆటో భయ్యా వచ్చేస్తాడు!”

దీపిక గుమ్మంలో నిలబడింది. స్నానం కూడా చెయ్యలేదు.

“నేను రావట్లేదమ్మా. నీకు చెప్పాను కదా.”

“ఎప్పుడు చెప్పావే?”

“మొన్న బుధవారం, ఇక్కడే. ఇప్పుడే బాప్తిస్మం వద్దన్నాను. ‘సరే నాన్నా, అలాగే’ అన్నావు. ఫోన్‌లోంచి తలెత్తలేదు.”

రాజకుమారికి ఒళ్లు మండింది. “పాస్టర్‌గారికి ఏం చెప్పమంటావ్? మీ నాన్న షిప్ డ్యూటీలో ఉండి కూడా ఫోన్ చేసి ఎంత మురిసిపోయారు!”

“అందరికీ చెప్పావు. నన్నొక్కదాన్నే అడగలేదు.” దీపిక ఒక అడుగు లోపలికి వేసింది. “ప్రార్థన చేస్తుంటే అటువైపు ఎవరూ వింటున్నట్టు అనిపించట్లేదమ్మా. అలాంటప్పుడు నీళ్లలో మునిగి ఏమని ఒప్పుకోను?”

“ఎవరు నూరిపోశారే నీకీ మాటలు?”

పెరట్లో చేపలు కడుగుతున్న అత్తగారు నూకరత్నం లోపలికొచ్చి పొయ్యి కట్టేసింది. “ఎవులూ నూరిపొయ్యలేదమ్మా. నాకు సెప్పింది. ఇన్నాను.”

“మీకు తెలుసా అత్తమ్మా! మరి నచ్చజెప్పలేదేం?”

“నచ్చజెబితే పిల్ల నోరు మూసుకునుండేది. ఇంటేనే కదా ఇంకో మాటొస్తాది. అమ్మకి నువ్వే సెప్పమన్నాను. సెప్పేశానంది.”

రాజకుమారి అత్తగారి తడి చేతులవైపు చూసింది. అత్తగారి దగ్గరికి ఎవరొచ్చినా ఆవిడ చేతిలో పని వదిలేసి, చెంగుకి చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంటుంది. వీధిలో ఆడవాళ్లు గ్రూపులో రాయలేని దుఃఖాలు ఈ వరండాలోకొచ్చి చెప్పుకుంటారు. ముసలావిడకి పనేముంది, వింటుంది అనుకునేది తను.

“దారిన పోతుంటే గుడ్డోడు కేకేశాడని ప్రభువు ఆగిపోనేదా?” అంది నూకరత్నం మెల్లగా. “సుట్టూ ఎంత జనమో! ఆయన కంటే మనకి పనెక్కువా అమ్మా?”

ఫోన్ ఆగకుండా మోగుతోంది. గ్రూపులో అభినందనలు. రాజకుమారి దాన్ని అందుకోగానే దీపిక ముఖం తిప్పుకుంది.

“పాస్టర్‌గారూ, ఈరోజు వద్దండి. పిల్లనడక్కుండా నేనే అందరికీ చెప్పేశాను. తప్పు నాదే.” అంతే చెప్పి రాజకుమారి ఫోన్ ఆపేసింది. ఒక స్టూలు లాక్కుని కూతురి ఎదురుగా కూర్చుంది. “మళ్లీ మొదట్నుంచి చెప్పు తల్లీ.”

దీపిక నేల చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. స్నేహితురాలు పూజ తమ్ముడు జ్వరంతో హాస్పిటల్లో ఉన్నన్నాళ్లూ తను మోకరించి ఏడ్చిందట. అయినా పిల్లాడు పోయాడు. “ఆ రోజు నువ్వు గ్రూపులో దండం బొమ్మ పెట్టావమ్మా. పక్క గదిలో నేను ఏడుస్తున్నాను.”

రాజకుమారి నోటిదాకా ఎన్నో జవాబులొచ్చాయి. అన్నీ మింగేసింది. కూతుర్ని దగ్గరికి తీసుకుంది. “ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావా?” అంటూ తనూ ఏడ్చేసింది. కాగిన నూనె చల్లారిపోయింది. నూకరత్నం చప్పుడు చెయ్యకుండా పెరట్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ బాప్తిస్మం మాటెత్తలేదు. సాయంత్రాలు రాజకుమారి ఫోన్ అలమరలో పెట్టేసి, అత్తగారిలాగే చేతులు తుడుచుకుని కూర్చోవడం నేర్చుకుంది. మొదట్లో చేతులు ఊరుకునేవి కావు. దీపిక ఒకరోజు పూజ గురించి చెప్పింది, ఒకరోజు దేవుడి మీద కోపం గురించి చెప్పింది. కొన్నిసార్లు ఊరికే పక్కన కూర్చుంది.

వానలు వెళ్లాక దీపికే వచ్చి అడిగింది. “అమ్మా, ఇప్పుడు తీసుకుంటాను. ఆయన వింటాడనిపిస్తోంది.”

బాప్తిస్మం రోజు పొద్దున సముద్రం ఒడ్డున రాజకుమారి మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడింది. నీళ్లలోంచి పైకి లేచిన దీపిక, కళ్లలో ఉప్పునీళ్లు తుడుచుకుని ముందు ఒడ్డువైపే చూసింది. తల్లి తననే చూస్తోంది.