నాదనిధి వారి ఈ నెల ఎంపిక

తపాలాలో వచ్చిన అట్టపెట్టెను కత్తెరతో కోయడం మహాపచారం. అంటించిన టేపును ఒక మూల గోటితో లేపి, పెట్టెకు నొప్పి తెలియకుండా ఒలిచి తీయడమే శిష్టాచారం. ఈ సూత్రాన్ని ఏ ధర్మశాస్త్రమూ పేర్కొనలేదు. అయినా సంగీత కళాశాలలో వయొలిన్ బోధించి పదవీ విరమణ చేసిన అనంతపద్మనాభంగారు దాన్ని సంధ్యావందనం కన్న శ్రద్ధగా పాటించేవారు. సంధ్యావందనం రోజూ ఉండేదే. అట్టపెట్టె నెలకొక్కసారి గాని రాదు.

ఆ రెండో శనివారం కూడా విజయనగరంలో అన్ని ఉదయాల్లాగే తెల్లవారింది. పక్కింటి లక్ష్మీనరసమ్మగారి మిక్సీ చట్నీతో యుద్ధం చేస్తోంది. వరండాలో పీట వేసుకుని ఆయన భార్య కామేశ్వరిగారు గోంగూర ఒలుస్తున్నారు. పోస్టుమాన్ జోగయ్య గేటు ముందు బండి ఆపి, చంకలో పలచటి చదరపు పెట్టెతో లోపలికి వచ్చాడు.

"పంతులుగారూ, మీ పళ్ళెం వచ్చీసినాది."

"పళ్ళెం కాదు జోగయ్యా, నాదం."

"నాదం మీకండి, బరువు నాకు. సంతకం ఎట్టండి."

కామేశ్వరిగారు తలెత్తి, "మనవరాలికి జ్వరం తగ్గిందా జోగయ్యా?" అని అడిగారు. జోగయ్య నోటితో జవాబు చెప్పలేదు. నుదురు తాకి చూపి, చెయ్యి అడ్డంగా ఊపి, వీపున సంచీ తగిలించుకుని బడికి పోతున్నట్టు అభినయించాడు. ఆమె తృప్తిగా నవ్వి మళ్ళీ గోంగూరలో పడ్డారు. వీధి వీధంతా ఆవిడతో ఇలాగే మాట్లాడుతోంది కొన్నాళ్ళుగా. ఆ మూకాభినయం జరిగినంతసేపూ అనంతపద్మనాభంగారు పెట్టెమీద అంటించిన చిరునామాను, అది తమదేనా కాదా అన్నంత దీక్షగా చదువుతూ నిలబడ్డారు.

నాదనిధి రికార్డు క్లబ్బు ముంబాయిలో ఉంది. సభ్యుడైనవాడికి మొదట నాలుగు గ్రామఫోను రికార్డులు దాదాపు ఉచితంగా పంపుతారు. ఆ తరువాత నెలనెలా 'ఈ నెల ఎంపిక' అని ఒకటి దానంతటదే వస్తుంది. నచ్చకపోతే పది రోజుల్లో తిప్పి పంపాలి. పంపకపోతే నచ్చినట్టే లెక్క, బ్యాంకు ఖాతాలోంచి సొమ్ము దానంతటదే పోతుంది. మొదటి నాలుగూ కర్ణాటక సంగీతమే వచ్చాయి. అయిదోది స్వీడను దేశపు బాకా బృందం. దాన్ని ఇంకొకరైతే మర్నాడే తిప్పికొట్టేవారు. అనంతపద్మనాభంగారు కొట్టలేకపోయారు. వారి వంశంలో తంబురాను దాటి నడిచినవారు లేరు, సంగీతపు పుస్తకం కాలికి తగిలితే కళ్ళకద్దుకోనివారు లేరు. గడప దాటి లోపలికి వచ్చిన సరస్వతిని మళ్ళీ గడప దాటించి గెంటడమా? ఆయన బాకా బృందానికి కుంకుమ బొట్టు పెట్టి దేవుడి అలమరలో కూర్చోబెట్టారు.

క్లబ్బు వారి కంప్యూటరుకు కుంకుమ సంగతి తెలియదు. ఈ సభ్యుడు బాకాలు తిప్పి పంపలేదు గనుక ఈయనకు బాకాలంటే ప్రాణమని అది నిర్ధారించుకుంది. అప్పట్నుంచీ బ్రెజిల్ డప్పులు, ఐర్లండు పల్లెపదాలు, మంచు దేశాల ఊళలు ఒకదాని వెనక ఒకటి విజయనగరం చేరి, బొట్టు పెట్టించుకుని, అలమర ఎక్కాయి.

ఇందులో తప్పేముంది అనుకోవచ్చు. ఉంది. వేసవిలో విశాఖ చెవుల డాక్టరు కామేశ్వరిగారి రెండు చెవులూ పరీక్షించి, ఆలస్యం చేయకుండా మంచి వినికిడి యంత్రం కొనిపెట్టమన్నాడు. "డీఏ బకాయిలు రాగానే" అన్నారు అనంతపద్మనాభంగారు. బకాయిలు శ్రావణమాసంలో వచ్చాయి. అవి గ్రామఫోనుగానూ నాదనిధి సభ్యత్వంగానూ రూపాంతరం చెందాయి. భార్యతో మాత్రం, "ఇంకా రాలేదు" అని కాగితంమీద రాసి చూపించారు. నోటితో అబద్ధమాడలేదన్న సూక్ష్మం ఆయనకు కొన్ని రోజులు ఆసరా ఇచ్చింది గాని, తరువాత అదీ ఇవ్వలేదు.

పదిగంటలకు కూతురు చరిత ఎచ్చెర్ల నుంచి వచ్చింది. అక్కడి విశ్వవిద్యాలయంలో కామర్సు చెబుతుంది. చెప్పులు విడుస్తూనే అలమర వైపు చూసింది.

"ఇంకోటి వచ్చిందా?"

"ఈ నెల ఎంపిక."

"ఎవరి ఎంపిక నాన్నా? మీరైతే ఎంచలేదు."

"వచ్చిందాన్ని స్వీకరించడమూ ఒక ఎంపికే."

"మా విద్యార్థులకి ఇదే పాఠం చెబుతాను. మొదట ఉచితం అంటారు, తరవాత వద్దనే బాధ్యత మనమీద పెడతారు. వద్దనలేని మొహమాటస్తుల మీదే ఈ వ్యాపారం బతుకుతుంది. మిమ్మల్ని చూసే పెట్టుంటారు."

"నువ్వు లాభనష్టాలు చూస్తావు. నేను..."

"ఫోనులో ఊరికే వస్తుంది కదా ఈ సంగీతమంతా."

అనంతపద్మనాభంగారు మీసం లేని పెదవిని సవరించుకున్నారు. ఈ వాదానికి ఆయన దగ్గర జవాబు చాలాకాలంగా సిద్ధంగా ఉంది. "ఊరికే వచ్చేదానికి ఎదురుచూడం చరితా. నెలంతా జోగయ్య కోసం చూస్తానే, ఆ చూడడం ఫోనులో ఉందా? రిటైరైనవాడి ఇంటికి ఎవరొస్తారు? పెన్షనూ, వాననీళ్ళూ. నా పేరు రాసుకుని నాకోసం ఒక పెట్టె బయల్దేరిందంటే, అది ఏ ఊళ అయితేనేం?"

తండ్రి మాటల్లో నిజం చరితకు వినిపించింది. కానీ ఆ రోజు అంతకన్న పెద్ద నిజం వెంటబెట్టుకుని వచ్చింది.

"బస్సులో జగన్నాధం మావయ్య కలిశారు" అంది.

జగన్నాధంగారు కళాశాలలో మృదంగం చెప్పినవారు. ఇద్దరూ ఒక్కరోజే రిటైరయ్యారు.

"మేడమీద గది వేశారట. డీఏ బకాయిలతో. శ్రావణంలోనే అందరికీ పడ్డాయట కదా."

మృదంగం వాయించేవాడు తనను అసందర్భపు చోట తన్నుతాడని ఆయన ఎన్నడూ ఊహించలేదు. కచేరీల్లో ఎన్నిసార్లు పొరపాటున తాళం తప్పినా జగన్నాధం సర్దుకుపోయాడు. ఇక్కడ ఆదుకోవడానికి లేడు.

"నాకూ పడ్డాయి" అన్నారు చివరికి.

"అమ్మ చెవుల డబ్బు అది."

"తెలుసు."

"తెలిసే బాకాలు కొన్నారా?"

"మొదట నాలుగే కదా అనుకున్నాను. తరవాత, మీ అమ్మకి పాట వినిపిస్తే చెవి తనంతట తనే తేరుకుంటుందనుకున్నాను. రోజూ సాయంత్రం పెడుతున్నాను కూడా. ఎదురుగా కూచుని వింటుంది. తల ఊపుతుంది."

"వింటోందా?" అంది చరిత. "నిజంగా అనండి, వింటోందా?"

ఈ సంభాషణంతా మామూలు గొంతులతోనే, కామేశ్వరిగారికి రెండడుగుల దూరంలోనే జరిగింది. ఆమె గోంగూర కాడలు ఒకవైపు, ఆకులు ఒకవైపు వేస్తూ, మధ్యమధ్య తలెత్తి ఇద్దరినీ చూసి నవ్వుతున్నారు. తండ్రీకూతుళ్ళు ముచ్చట్లాడుకుంటున్నారని ఆమె సంతోషం. చరిత అది గమనించి హఠాత్తుగా నోరు మూసుకుంది. ఒక మనిషిని ఎదురుగా పెట్టుకుని, ఆ మనిషి గురించే, ఆ మనిషి లేనట్టు మాట్లాడుకున్నామన్న సిగ్గు ఇద్దరినీ ఒకేసారి పట్టుకుంది.

"ఏమిటలా అయిపోయాయి మొహాలు?" అన్నారు కామేశ్వరిగారు.

"మీరే చెప్పండి" అంది చరిత. "కాగితంమీద రాయకండి. నోటితో చెప్పండి."

ఇక్కడ ఒక సాంకేతిక చిక్కు ఉంది. పశ్చాత్తాపం స్వభావరీత్యా మంద్రస్థాయి వ్యవహారం. గొంతు దించి, తల దించి చెప్పుకోవలసినది. కామేశ్వరిగారికి వినపడాలంటే మాత్రం తారస్థాయిలో చెప్పాలి. అనంతపద్మనాభంగారు ఆమె పక్కన కూర్చుని, "బకాయిలు వచ్చాయి" అన్నారు.

"ఆ?"

"డీఏ బకాయిలు. వచ్చేశాయి."

"ఏవిటండీ, గట్టిగా."

పక్కింటి మిక్సీ ఆగిపోయింది.

"బకాయిలు శ్రావణంలోనే వచ్చేశాయి కామేశ్వరీ. నేనే ఖర్చుపెట్టేశాను. నీతో అబద్ధం చెప్పాను." జీవితంలో ఎన్నడూ గాత్రం చేయని ఆ వయొలిన్ విద్వాంసుడి కంఠం వరండా దాటి, గేటు దాటి, వీధి మలుపులో ఇస్త్రీబండి దాకా వెళ్ళింది. దోషికి శిక్ష పడకముందే ఊరేగింపు పూర్తయింది. లక్ష్మీనరసమ్మగారు పిట్టగోడ మీదనుంచి చూసి, చూడనట్టు తమలపాకు తీగ సవరించారు.

కామేశ్వరిగారు చేతిలోని కాడను కాడల వైపు వేశారు.

"అయితే గవర్నమెంటు వాళ్ళని ఇన్నాళ్ళూ ఊరికే తిట్టానన్నమాట" అన్నారు.

తరువాత అడిగారు. "సాయంత్రాలు మీరు పెడుతున్నవి ఆ డబ్బుతో కొన్నవేనా?"

ఆయన తల ఊపారు.

"ఏముంది వాటిల్లో?"

ఇది ఆయన ఊహించని ప్రశ్న. చరిత వైపు చూశారు. ఆమె సాయపడలేదు. "బాకాలు" అని అరిచారు. "స్వీడను దేశపు బాకాలు. డప్పులు."

"మరి మీరు కళ్ళు మూసుకుని తొడమీద తాళం వేశారు."

"అలవాటు."

"నేను కల్యాణి అనుకున్నాను" అన్నారు కామేశ్వరిగారు. గొంతులో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నారు. "రోజూ మీ చెయ్యే చూసేదాన్ని. అది నెమ్మదిగా పడితే కల్యాణి, గబగబా పడితే మోహన. ఆ లెక్కకి సరిపోయే పాట ఏదో వెతుక్కుని నాలో నేను పాడుకునేదాన్ని. మీరు పెట్టేదీ అదే అయ్యుంటుందనుకున్నాను. బాగానే సరిపోయేది."

చరిత మొహం పక్కకి తిప్పుకుంది.

"డబ్బు పోతే పోయింది" అన్నారామె మళ్ళీ, ఆకులు చేటలోకి ఎత్తుతూ. "ఎదురుగా కూచున్నాను కదండీ ప్రతి సాయంత్రం. ఒక్కరోజు అడగవలసింది, వినిపిస్తోందా అని."

అడిగితే ఏం చెబుతుందో తెలుసు గనుకనే అనంతపద్మనాభంగారు అడగలేదు. తెలియనట్టుండడం కోసమే ఆ సంగీతాన్ని అంత గట్టిగా పెట్టేవారు. ఆయన ఉత్తరీయం కొనతో కళ్ళు తుడుచుకోబోయి, అందులో నిన్నటి విభూతి ఉండడం వల్ల ఇంకా ఎక్కువ ఏడవవలసి వచ్చింది.

క్లబ్బులోంచి బయటపడడం కష్టమేమీ కాలేదు, ఒక్క షరతు తప్ప. సభ్యత్వం మానుకోవాలంటే ఆఖరి ఎంపికను తిప్పి పంపాలి. అంటే సరస్వతిని గడప దాటించాలి. అంత పశ్చాత్తాపంలోనూ ఆయన ఆ ఒక్క చోట కాలూ చెయ్యీ ఆడక నిలబడిపోయారు. తీర్పు కామేశ్వరిగారే చెప్పారు. "గెంటుతున్నామా? ఆడపిల్లని అత్తారింటికి పంపమూ? అలాగే సాగనంపుదాం." రికార్డుకు పసుపూ కుంకుమా పెట్టి, రవికెల గుడ్డ ఒకటి మడిచి పెట్టెలో ఉంచారు. ముంబాయిలో దాన్ని విప్పిన గుమాస్తా ఏమనుకున్నాడో చరిత్రకు అందలేదు.

"పళ్ళెం తిరిగి ఎల్లిపోతన్నాదేటండి?" అన్నాడు జోగయ్య సోమవారంనాడు దాన్ని అందుకుంటూ. ఆ గొంతులో చిన్న బెంగ వినిపించింది. "మరి నెలకోపాలి నానెలాగ రావాలి మీ ఇంటికి?"

"ఊరికే రా జోగయ్యా" అన్నారాయన. "కాఫీ తాగి వెళుదువు గాని."

గ్రామఫోను అమ్మగా వచ్చినదానికి చరిత కొంత కలిపింది. విశాఖ డాక్టరు చెప్పిన యంత్రం రెండు చెవులకూ వచ్చింది. చిక్కుడుగింజంత ఉంది. దాని రాకను పురస్కరించుకుని అనంతపద్మనాభంగారు ఒక నిర్ణయం తీసుకున్నారు. రిటైరైనప్పటి నుంచీ పెట్టెలోంచి తీయని వయొలిన్‌ను తీశారు. మూడు రోజులు తలుపు వేసుకుని సాధన చేశారు. నాలుగో సాయంత్రం స్నానం చేసి, మడత నలగని పంచె కట్టి, భార్యను ఎదురుగా కూర్చోబెట్టి, కల్యాణి ఎత్తుకున్నారు.

అది కచేరీ కాదు. ఒక మనిషి తన అబద్ధాన్ని తీగమీద పెట్టి నిజంగా అరగదీయడం. కమాను వణికిన చోట వణికింది, నిలిచిన చోట నిలిచింది. సాయంత్రం వీధి దీపాలు వెలిగేదాకా ఆపలేదు. కామేశ్వరిగారు కళ్ళార్పకుండా ఆ కమానునే చూస్తూ కూర్చున్నారు. ఆమె చెంపల మీదుగా నీళ్ళు ధారగా కారాయి, తుడుచుకోలేదు. గుమ్మంలో నిలబడిన చరితకు కూడా కళ్ళు మసకలయ్యాయి. పిట్టగోడ అవతల లక్ష్మీనరసమ్మగారు ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. మంగళం వాయించి కమాను దించాక అనంతపద్మనాభంగారు, ఈసారి ధైర్యం తెచ్చుకుని, "వినిపించిందా?" అని అడిగారు. ఆమె చిన్నపిల్లలా తల ఊపి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. ఆ క్షణంలో సమస్త పాపాలూ పటాపంచలైనట్టు ఆయనకు తోచింది.

తల్లికి కాఫీ కలుపుదామని చరిత వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్ పక్కన ప్లగ్గుకు తగిలించిన చిన్న డబ్బాలో రెండు యంత్రాలూ మధ్యాహ్నం నుంచీ చార్జింగులోనే ఉన్నాయి.